ఒక చిరుపుస్తకం, పదమూడు వలసలు: ఒక చరిత్ర మేష్టారి అనుభవ పాఠాలు

డిగ్రీ కాలేజీలో అమెరికా చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. అంతకుముందు, చదువుకునే రోజుల్లో, మా నాన్నగారి అచ్చాఫీసులో స్టిక్కు పట్టుకుని అక్షరాలు పేర్చినవాణ్ణి. ఎన్నికలొస్తే కరపత్రాలు, సమ్మె వస్తే కరపత్రాలు, గుడి కమిటీలో తగాదా వస్తే కరపత్రాలు. అన్నీ మా ట్రెడిల్ ప్రెస్సు మీదే పడేవి. అందుకే 1776 నాటి ఫిలడెల్ఫియా చిరుపుస్తకాల గురించి చదివినప్పుడల్లా, వాటిలోని వాదనతో పాటు వాటిని అచ్చువేసిన చేతులు కూడా నాకు కనిపించేవి. ఇన్నేళ్ల చదువులో, పాఠాల్లో నాకు గట్టిపడిన అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. ఒక్క రాతతో జనాన్ని కదిలించాలని ఆశపడే కుర్రవాళ్ల కోసం వాటిని వరసగా చెబుతున్నాను.

1. కోపం ముందు, కాగితం తర్వాత

ఒక పుస్తకం వచ్చింది, జనం లేచారు, స్వాతంత్ర్యం వచ్చేసింది అని పరీక్షల్లో పిల్లలు రాస్తుంటారు. అలా ఎక్కడా జరగలేదు. టామస్ పెయిన్ రాసిన 'కామన్ సెన్స్' 1776 జనవరి 10న ఫిలడెల్ఫియాలో వెలువడేనాటికి అమెరికాలోని పదమూడు బ్రిటిష్ వలసలకు ఇంగ్లండుతో పేచీ మొదలై పుష్కరం కావస్తోంది. 1764లోనే బోస్టన్ లాయరు జేమ్స్ ఓటిస్ వలసల హక్కుల గురించి చిరుపుస్తకం వేశాడు. మరుసటి ఏడు స్టాంపు చట్టం వచ్చింది. ఆ పన్ను పడింది కాగితం మీద. కోర్టు దస్తావేజులు, వార్తాపత్రికలు, పంచాంగాలు, పేకముక్కలు, ఆఖరికి చిరుపుస్తకాలు కూడా వదల్లేదు. వాదించి బతికే లాయరునీ, అచ్చువేసి బతికే ప్రెస్సువాణ్ణీ లండన్ పార్లమెంటు ఒకేసారి కెలికింది. చట్టం అమల్లోకి వచ్చేది 1765 నవంబరు 1న. ముందురోజు 'పెన్సిల్వేనియా జర్నల్' తన మొదటి పేజీని సమాధిరాయిలా, నల్లటి పట్టీలతో, పుర్రె బొమ్మతో అచ్చువేసింది. ఆ పట్టీలన్నీ ఒక్కొక్కటీ పేర్చి, పేజీ కదలకుండా బిగించిన కంపోజిటర్ కేవలం కూలి కోసం ఆ పని చేసి ఉండడని నా నమ్మకం.

ఇంగ్లండు తగాదా మీద 1776 లోపల అమెరికాలో వచ్చిన చిరుపుస్తకాలు 400 పైచిలుకని చరిత్రకారుడు బెర్నార్డ్ బెయిలిన్ లెక్క తేల్చాడు. యుద్ధం ముగిసిన 1783 నాటికి అవి 1,500 దాటాయి. పెయిన్ పుస్తకం ఆ వరసలోది. ముందువాళ్లు పన్నెండేళ్లు వాదించి ఉండకపోతే అది వినేవాళ్లే ఉండేవారు కాదు.

2. అందరూ ఆగిపోయిన గీత ఎక్కడుందో చూడండి

పెయిన్ కంటే ముందు బాగా పేరొచ్చిన రచయిత జాన్ డికిన్సన్. 1767 డిసెంబరు నుంచి 'పెన్సిల్వేనియా రైతు' పేరుతో 12 ఉత్తరాలు రాశాడు. నిజానికి లాయరు, బాగా కలిగినవాడు. వాణిజ్యాన్ని క్రమంలో పెట్టడానికి వేసే సుంకం వేరు, ఖజానా నింపుకోవడానికి వేసే పన్ను వేరు అని, రెండోదానికి పార్లమెంటుకు అధికారం లేదని నెమ్మదిగా, మర్యాదగా వాదించాడు. వలసల్లోని పత్రికలు చాలా వరకు ఆ ఉత్తరాలను తిరిగి వేసుకున్నాయి. నేనతణ్ణి తక్కువ చేయను. వాదన అంత శుభ్రంగా నడిపినవాళ్లు అరుదు.

కానీ ఓటిస్, డికిన్సన్, మేరీలాండ్ లాయరు డేనియల్ డులేనీ, అందరూ ఒక గీత దగ్గర ఆగిపోయారు. తప్పు మంత్రులది, తప్పు పార్లమెంటుది. రాజు మాత్రం మంచివాడు, ఆయనకు ఎవరో లేనిపోనివి చెబుతున్నారు. ఇదీ ధోరణి. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి, జూన్‌లో బంకర్ హిల్ దగ్గర వందలమంది పడిపోయారు. అయినా జులైలో వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెసు తరఫున డికిన్సన్ మళ్లీ రాజుగారికి విన్నపమే రాశాడు. మూడో జార్జి దాన్ని అందుకోను కూడా అందుకోలేదు. ఒక పక్క రాజు సైన్యంతో యుద్ధం, మరో పక్క రాజుకు దండం. ఆ రెండింటి మధ్య జనం నలిగిపోతున్నారు. విడిపోదాం అన్న మాట చాలామంది నాలుక చివర ఉంది. అది అచ్చులో చెప్పే తెగింపు దాదాపు ఎవరికీ లేదు.

రాజకీయం రాయదలుచుకున్నవాళ్లు ముందు చేయాల్సిన పని ఇదే. అందరూ ఏ మాట దగ్గర గొంతు తగ్గిస్తున్నారో వెతకండి.

3. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడు రాయగలిగాడు

పెయిన్ ఇంగ్లండులోని థెట్‌ఫర్డ్‌లో 1737లో పుట్టాడు. తండ్రి ఆడవాళ్ల నడుముకట్లు కుట్టే పనివాడు. కొడుకూ అదే పని నేర్చాడు. తర్వాత ఎక్సైజు గుమాస్తా అయ్యాడు. తోటి గుమాస్తాల జీతాలు పెంచమని 1772లో ఒక చిరుపుస్తకం రాసి పార్లమెంటు సభ్యుల చుట్టూ తిరిగాడు. జీతాలు పెరగలేదు. రెండేళ్లలో అతని ఉద్యోగం పోయింది, కొట్టు పోయింది, రెండో పెళ్లి కూడా చెడింది. లండన్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన సిఫారసు ఉత్తరం పట్టుకుని 1774 నవంబరు 30న ఫిలడెల్ఫియా చేరాడు. ఓడలో పట్టుకున్న జ్వరానికి కాళ్లు నిలవక, మనుషులు మోసుకుని ఒడ్డుకు దించారు. అప్పటికి వయసు ముప్పై ఏడు.

కోలుకున్నాక ఒక కొత్త మాసపత్రికకు సంపాదకుడిగా కుదిరాడు. అప్పుడు డాక్టర్ బెంజమిన్ రష్ పరిచయమయ్యాడు. స్వాతంత్ర్యం గురించి రాయాలన్న కోరిక రష్‌కు కూడా ఉంది. కానీ ఊళ్లో వైద్యం చేసుకునే మనిషి. అలాంటి రాత రాస్తే రోగులు రారు, పరపతి పోతుంది. పెయిన్‌కు ఆ భయం లేదు, అందుకే అతణ్ణి రాయమన్నానని రష్ తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఈ ఒక్క విషయం నాకు పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాల కంటే ఎక్కువ నేర్పింది. నిజం తెలిసినవాళ్లు ఊళ్లో చాలామందే ఉంటారు. దాన్ని బయటికి చెప్పే స్థితిలో ఎవరున్నారన్నది వేరే ప్రశ్న. పెయిన్ తన పుస్తకానికి 'తేట నిజం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాలనుకున్నాడు. 'కామన్ సెన్స్' అని మార్పించింది రష్.

4. చదివేవాణ్ణి తీర్పరిగా కూర్చోబెట్టాడు

ఈ పాఠం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. క్లాసులో కూడా ఇక్కడే ఆగేవాణ్ణి.

అప్పటి చిరుపుస్తకాలు చాలా వరకు చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లకు రాసినవి. లాటిన్ ముక్కలు, రోము చరిత్ర, పాత తీర్పులు, పేజీ అడుగున బారెడు వివరణలు. సంతకాలు కూడా కేటో, బ్రూటస్ వంటి రోమన్ పేర్లే. పెయిన్ అదంతా పక్కన పెట్టాడు. ఇంటింటా ఉండే పుస్తకం బైబిలు. రాజరికాన్ని కొట్టడానికి అతను తీసుకున్న ఆయుధం అదే. ఇశ్రాయేలీయులు మాకూ ఒక రాజు కావాలని పట్టుబట్టినప్పుడు సమూయేలు ప్రవక్త వాళ్లను ఎలా హెచ్చరించాడో, రాజువై ఏలమన్నా గిద్యోను ఎందుకు ఒప్పుకోలేదో పేజీల కొద్దీ చూపించాడు. ఆదివారం చర్చిలో ఆ కథ విన్న కమ్మరివాడికి, కౌలురైతుకు, ఓడ కళాసికి అర్థం కానిది అందులో ఏమీ లేదు.

తర్వాత వంశం సంగతి ఎత్తాడు. ఇంగ్లండు రాజులంతా తమ పెద్దరికానికి మూలం 1066లో వచ్చిన విలియం అని చెప్పుకుంటారు కదా, ఆ విలియం ఎలా వచ్చాడో చూడండన్నాడు. దోపిడీ ముఠాను వెంటేసుకుని, అక్కడివాళ్ల అనుమతి లేకుండా దిగినవాడు. దానికి దైవత్వం ఎక్కడినుంచి వచ్చిందని అడిగాడు. ఇంత మోటుగా రాజు గురించి అమెరికాలో అచ్చులో అంతకుముందు మాట్లాడినవాళ్లు అరుదు. చదివినవాళ్లకు ముందు గుండె ఝల్లుమని ఉంటుంది. పేజీ తిప్పాక, నెత్తిన పిడుగేమీ పడలేదే అని తోచి ఉంటుంది. భయం పోవడానికి ఆ రెండు నిమిషాలు చాలు.

మూడో భాగంలో, సర్దుకుపోదామనేవాళ్ల మాటలను ఒక్కొక్కటే తీసుకున్నాడు. ఇంగ్లండు మనకు తల్లి అంటారా? అయితే బిడ్డల మీద కత్తి దూయడం మరీ సిగ్గుచేటు. అయినా ఇక్కడికి వచ్చినవాళ్లు ఒక్క ఇంగ్లండు నుంచే రాలేదు, యూరప్ అంతటి నుంచీ వచ్చారు, పెన్సిల్వేనియాలో ఇంగ్లీషు మూలం ఉన్నవాళ్లు మూడో వంతు కూడా లేరన్నాడు. ఇంగ్లండు కాపాడుతోంది కదా అంటారా? తన వ్యాపారం కోసం కాపాడింది, దాని శత్రువులను మనకు అంటగట్టింది. ఇక దూరం సంగతి. ఒక అర్జీ పట్టుకుని వేల మైళ్లు పోవడం, జవాబు కోసం నెలల తరబడి కాచుకోవడం, వచ్చిన జవాబుకు అర్థం తెలుసుకోవడానికి మళ్లీ నెలలు. అర్జీలు పెట్టినవాడెవడికైనా ఈ బాధ తెలుసు.

నాలుగో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అది ఇష్టం. విడిపోతే బతకగలమా అన్న భయానికి అందులో అంకెలతో జవాబు చెప్పాడు. నౌకాదళం కట్టడానికి ఎంతవుతుంది? తర్వాత పెంచి వేసిన ప్రతిలో ఓడల ఖర్చు పట్టికే ఇచ్చాడు. 100 ఫిరంగుల ఓడకు 35,553 పౌన్లు, అక్కడినుంచి చిన్న ఓడల వరకు దిగుతూ వచ్చాడు. కలప మనదే, తారు మనదే, ఇనుము మనదే, మోకులు మనం పేనుకోగలం, ఇంకేం కావాలన్నాడు. అంతకుముందు మూడో భాగంలోనే, విడిపోయాక సభలు ఎలా ఏర్పడాలి, ప్రతినిధులను ఎలా ఎన్నుకోవాలి అన్నదానికి కూడా తన ఊహ ఒకటి ముందుంచాడు. ఆ ఊహ కాంగ్రెసు సభ్యుడు జాన్ ఆడమ్స్‌కు నచ్చలేదు. ఒకే సభ చేతిలో అధికారమంతా పెట్టడం ప్రమాదమని ఆ వసంతంలోనే మరో చిరుపుస్తకం రాశాడు. ఆడమ్స్ అభ్యంతరంలో బలముందని నాకూ అనిపిస్తుంది. కానీ అప్పటికే చర్చ, విడిపోవాలా వద్దా అన్న చోటు దాటి, విడిపోయాక ఎలా ఏలుకోవాలన్న చోటికి వచ్చేసింది. ఆ మలుపు తిప్పింది పెయిన్.

ఇన్ని చేసినా, ఎక్కడా నేను చెబుతున్నాను కాబట్టి నమ్మండి అనలేదు. మొదటి ప్రతిలో అతని పేరే లేదు. ఇదిగో వాదన, ఇదిగో లెక్క, పాత అభిప్రాయాలు పక్కన పెట్టి మీరే తేల్చండన్నాడు. అంతవరకు పెద్దవాళ్ల తగాదాగా చూస్తున్న మామూలు మనిషిని పిలిచి, కుర్చీ వేసి, తీర్పు చెప్పమన్నాడు. ఆ పుస్తకం బలమంతా అక్కడుందని నేను గట్టిగా నమ్ముతాను.

5. అదను

మూడో జార్జి 1775 అక్టోబరు 26న పార్లమెంటులో మాట్లాడుతూ, వలసలవాళ్లు తిరగబడ్డారని, వాళ్ల అసలు ఉద్దేశం స్వతంత్ర సామ్రాజ్యమేనని, బలంతో అణచేస్తానని అన్నాడు. ఆ ప్రసంగం అట్లాంటిక్ దాటి ఫిలడెల్ఫియా చేరేసరికి జనవరి మొదటి రోజులు. అదే వారంలో కామన్ సెన్స్ వచ్చింది. రాజు మంచివాడన్న నమ్మకానికి రాజే స్వయంగా నీళ్లొదిలాడు. అదే పుస్తకం ఆరు నెలల ముందు వచ్చి ఉంటే, రాసినవాణ్ణి పిచ్చివాడనేవారు.

జనవరి 31న జార్జి వాషింగ్టన్ తన మిత్రుడు జోసెఫ్ రీడ్‌కు రాసిన ఉత్తరంలో రెండింటినీ కలిపే చెప్పాడు. తగలబడిన ఫాల్మత్, నార్ఫోక్ పట్టణాలు ఒక పక్క, కామన్ సెన్స్‌లోని వాదన మరో పక్క, ఇంకెవరూ విడిపోవడానికి వెనకాడరన్నాడు. ఫాల్మత్‌ను అంతకుముందు అక్టోబరులో బ్రిటిష్ ఓడలు తగలబెట్టిన మాట నిజం. నార్ఫోక్ కథ వేరు. జనవరి 1న బ్రిటిష్ ఓడలు కాల్పులు మొదలుపెట్టినా, ఎక్కువ ఇళ్లు తగలబెట్టింది తమ సైనికులేనని వర్జీనియావాళ్ల విచారణలోనే తేలింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. స్వాతంత్ర్యం న్యాయమైనదే. అందుకోసం చెప్పిన ప్రతి మాటా నిజమని దానర్థం కాదు. విద్యార్థులకు ఈ రెండూ కలిపే చెప్పాలి.

6. అచ్చాఫీసును మరిచిపోయి చరిత్ర రాయకూడదు

కామన్ సెన్స్ వేయడానికి ముందుకొచ్చినవాడు రాబర్ట్ బెల్. స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు, పుస్తకాలు వేలం వేసేవాడు, థర్డ్ స్ట్రీట్‌లో అచ్చాఫీసు. ధైర్యస్థుడని అతని పేరు చెప్పింది కూడా రష్షే. వెల రెండు షిల్లింగులు. లాభంలో సగం బెల్‌ది. మిగతా సగంతో కెనడా చలిలో పోరాడుతున్న సైనికులకు చేతి తొడుగులు కొనివ్వాలని పెయిన్ షరతు. మొదటి ప్రతులు చకచకా అమ్ముడయ్యాయి, లాభమేదని అడిగితే బెల్ ఏమీ మిగల్లేదన్నాడు. పైగా అడగకుండానే రెండో ముద్రణ ప్రకటించాడు. పెయిన్ కొత్త భాగాలు చేర్చి, బ్రాడ్‌ఫర్డ్ తండ్రీకొడుకుల దగ్గర ఒక్క షిల్లింగుకే కొత్త ప్రతి వేయించాడు. పెయిన్, బెల్ ఇద్దరూ పత్రికల్లో ప్రకటనలు వేసి మరీ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట వల్ల పుస్తకం పేరు తెలియనివాడు ఊళ్లో లేకుండా పోయాడు. ఆ తర్వాత ఎవరు వేసుకున్నా అభ్యంతరం లేదని పెయిన్ హక్కు వదులుకున్నాడు. ఊరూరా ప్రెస్సులు అందుకున్నాయి. ఆ ఒక్క ఏడాదే అమెరికాలో పాతిక దాకా ముద్రణలు వచ్చాయి. ఫిలడెల్ఫియాలో జర్మన్ మాట్లాడేవాళ్లు ఎక్కువ కాబట్టి స్టైనర్, సిస్ట్ అనే ఇద్దరు ముద్రాపకులు జర్మన్ అనువాదం వేశారు.

ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయి? మూడు నెలల్లో 1,20,000 అని పెయినే చెప్పాడు. తర్వాతి పుస్తకాలు దాన్ని 5 లక్షల దాకా లాక్కెళ్లాయి. అచ్చాఫీసులో పెరిగినవాడిగా ఆ అంకె నాకు మింగుడు పడదు. ఆనాటివి కొయ్య ప్రెస్సులు. ఒకడు తోలు ఉండలతో సిరా అద్దాలి, మరొకడు కాగితం పరిచి మీట లాగాలి. మంచి పనివాళ్లు గంటకు 200 లాగితే గొప్ప. ఎనభై పేజీల పుస్తకం అనుకుందాం. షీటుకు పదహారు పేజీలు, ప్రతికి ఐదు షీట్లు, రెండు పక్కలా కలిపి పది లాగుళ్లు. అంటే గంటకు ఇరవై ప్రతులు, పది గంటల పనికి 200. ఒక ప్రెస్సు మీద వెయ్యి ప్రతులు తేలాలంటే ఐదు రోజులు. ఆపైన మడత, కుట్టు. కాగితమేమో పాత నారబట్ట పీలికలతో చేసేది, దానికి ఎప్పుడూ కొరతే. బానిసలతో కలిపి జనాభా మొత్తం 25 లక్షలు. నేటి పరిశోధకులు కూడా ఆ పెద్ద అంకెలను నమ్మడం లేదు. తగ్గించి చూసినా, ఆ రోజుల్లో అంత వేగంగా అన్ని ఊళ్లకు పాకిన పుస్తకం మరొకటి లేదు. నిజమైన అంకెతోనే దాని గొప్పతనం నిలబడుతుంది.

7. చదివింది ఒకరు, విన్నది పదిమంది

సత్రాల్లో, కాఫీ హౌసుల్లో, సైనిక శిబిరాల్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినేవారు. పెయిన్ వాక్యాన్ని పైకి చదివి చూడండి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే ఆగుతుంది. అది కామన్ సెన్స్‌లో కంటే అతను తర్వాత రాసిన 'అమెరికన్ క్రైసిస్' మొదటి భాగంలో ఇంకా బాగా తెలుస్తుంది. 1776 చివర్లో వాషింగ్టన్ సైన్యం ఓడిపోయి న్యూజెర్సీ మీదుగా వెనక్కి నడుస్తోంది. జనరల్ గ్రీన్ దగ్గర సహాయకుడిగా పెయిన్ కూడా ఆ నడకలో ఉన్నాడు. డిసెంబరు 19న ఆ రచన పత్రికలో వచ్చింది, నాలుగు రోజులకు విడిగా చిరుపుస్తకమైంది. క్రిస్మస్ రాత్రి డెలవేర్ నది దాటబోయే ముందు దాన్ని సైనికులకు చదివి వినిపించారని చెబుతారు. తెల్లవారి ట్రెంటన్‌లో దాదాపు 900 మంది జర్మన్ కిరాయి సైనికులు పట్టుబడ్డారు.

8. ఎదుటివాడి పుస్తకం కాల్చినవాళ్లు మనవాళ్లే అయినా దాచకూడదు

కామన్ సెన్స్‌కు జవాబులు వచ్చాయి. జేమ్స్ చామర్స్ అనే మేరీలాండ్ భూస్వామి రాసిన జవాబుకు, పెయిన్ వదులుకున్న ఆ 'తేట నిజం' పేరే పెట్టారు. దాన్ని అచ్చువేసింది కూడా రాబర్ట్ బెల్లే. ఆ పని నాకు తప్పుగా తోచదు. రెండు పక్షాల వాదనా జనం ముందుండాలి.

న్యూయార్క్‌లో అలా జరగలేదు. చార్లెస్ ఇంగ్లిస్ అనే మతగురువు రాసిన జవాబును శామ్యూల్ లూడన్ అనే ముద్రాపకుడు అచ్చువేస్తే, 1776 మార్చిలో స్వాతంత్ర్యవాదులు అతని ఇంటిమీద పడి, కట్టలన్నీ ఎత్తుకుపోయి తగలబెట్టారు. అంతకుముందు నవంబరులో రాజు పక్షపు ముద్రాపకుడు రివింగ్టన్ అచ్చాఫీసును ధ్వంసం చేసి, టైపు అక్షరాలు మోసుకుపోయారు. టైపు పోతే ముద్రాపకుడికి చేతులు నరికినట్టే. కామన్ సెన్స్ చదివేవాణ్ణి తీర్పు చెప్పమని పిలిచింది. ఇంగ్లిస్ కట్టలు కాల్చినవాళ్లు అదే తీర్పరి చేతిలోంచి సగం కాగితాలు లాక్కున్నారు. పెయిన్ వాదన గెలవడానికి ఆ మంట అవసరమే లేదు. ఇంగ్లిస్ పుస్తకం తర్వాత ఫిలడెల్ఫియాలో వేరే పేరుతో వచ్చింది. వచ్చినా స్వాతంత్ర్యం ఆగలేదు.

9. మన ఊసు కూడా అందులో ఉంది

ఇది నేను ఏ తరగతిలోనూ వదలకుండా చెప్పిన పాఠం. 1773లో ఈస్టిండియా కంపెనీ తేయాకు ఓడలు అమెరికా వస్తున్నాయని తెలిసినప్పుడు, డికిన్సన్ 'రస్టికస్' అన్న మారుపేరుతో ఒక కరపత్రం రాశాడు. 1770 నాటి బెంగాల్ కరువును అందులో ఎత్తి చూపాడు. ఒక్క ఏడాదిలో పదిహేను లక్షలమంది ఆకలితో చనిపోయారంటారని, నేల పండక కాదని, కంపెనీ సరుకులన్నీ గుప్పిట పట్టి పేదవాడికి అందని ధర పెట్టిందని రాశాడు. అక్కడ అంత చేసినవాళ్లు ఇక్కడ ఊరుకుంటారా అన్నది అతని ప్రశ్న. పెయిన్ కూడా 1775 మార్చిలో తన మాసపత్రికలో, అప్పుడే చనిపోయిన రాబర్ట్ క్లైవ్ మీద వ్యాసం రాసి, ఇండియాలో అతను చేసిన ఘోరాలను బోనులో నిలబెట్టాడు.

ఆ క్లైవే 1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కారులకు ఫర్మానా తెచ్చుకున్నవాడు. మరుసటి ఏడాది నిజాముతో ఒప్పందం. రాజమండ్రి, ఏలూరు, చికాకోలు కంపెనీ కిందికి పోయింది అలాగే. అమెరికాలో స్టాంపు చట్టం మీద అల్లర్లు జరుగుతున్న ఆ నెలల్లోనే మన గోదావరి, కృష్ణా తీరాలు చేతులు మారుతున్నాయి. 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1786లో మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో అతను బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి, 1802 తర్వాత సర్కారు జిల్లాలకూ వచ్చి జమీందార్లను స్థిరపరిచింది. ఫిలడెల్ఫియా కరపత్రాన్ని గోదావరి జిల్లా కుర్రవాడు తనకు సంబంధం లేనిదిగా చదవాల్సిన పని లేదు. పెయిన్ తర్వాత రాసిన 'మనిషి హక్కులు' పుస్తకాన్ని 1847లో పుణెలో యువకుడు జోతిరావు ఫూలే చదివాడు. మన దేశంలో పెయిన్ మాట కులాన్ని ప్రశ్నించడానికి బాగా పనికొచ్చింది.

10. ఎవరి రాత అచ్చుకు నోచుకోలేదో అడగండి

ఆ చిరుపుస్తకాలన్నింటిలో పదే పదే వచ్చే మాట బానిసత్వం. మా సమ్మతి లేకుండా పన్ను వేస్తే మేం బానిసలమే అని రాశారు. రాసినవాళ్లలో చాలామంది ఇళ్లలో నిజమైన బానిసలున్నారు. డికిన్సన్ ఇంట్లో ఉన్నారు, 1777 నుంచి దఫాలుగా విడిచిపెట్టాడు. లండన్‌లో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ 1775లోనే ఈ వైరుధ్యాన్ని ఎత్తిపొడిచాడు. అతను రాజు పక్షం. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే. తీర్పరిగా రమ్మని పెయిన్ పిలిచిన జనంలో, జనాభాలో దాదాపు ఐదో వంతున్న ఆ బానిసలు లేరు.

పిలవకపోయినా వాళ్లలో కొందరు మాట్లాడారు. 1777 జనవరిలో ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లజాతివాళ్లు మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టారు. స్వాతంత్ర్యానికి మీరు చెప్పిన కారణాలన్నీ మాకూ వర్తిస్తాయన్నారు. అంతకుముందే, 1776లో, లెమ్యుయెల్ హేన్స్ అనే యువ సైనికుడు ఒక రచన చేశాడు. తండ్రి ఆఫ్రికన్, తల్లి తెల్లజాతి మనిషి. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఒక ఇంట్లో కట్టుబడి పనివాడిగా పెరిగాడు. బయటికి రాగానే స్వాతంత్ర్య సేనలో చేరాడు. జులై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటన మాటలనే తలకట్టుగా పెట్టుకుని, ఆ స్వేచ్ఛను నల్లవాడి దాకా తీసుకురావాలని పేజీల కొద్దీ వాదించాడు. బైబిలు మీద పట్టు పెయిన్ కంటే అతనిదే గట్టిది. తర్వాత వెర్మాంట్‌లో చర్చి బోధకుడిగా చాలాకాలం పనిచేశాడు. ఆ రచన మాత్రం రాతప్రతిగానే ఉండిపోయి, 1983లో గానీ అచ్చుకాలేదు.

నేను చెప్పిన సిలబస్‌లో పెయిన్ ఉండేవాడు, హేన్స్ లేడు. ఇప్పుడు ఆ పేపరు చెబుతున్న లెక్చరర్లు, ముఖ్యంగా తెలుగు మీడియం పిల్లలకు చెప్పేవాళ్లు, కామన్ సెన్స్ మూడో భాగాన్నీ హేన్స్ రచననూ పక్కపక్కన పెట్టి ఒకే వారంలో చదివించండి. రెండింటి మీదా పిల్లల చేతే తీర్పు రాయించండి.